తడి తగలనివ్వకు

జూలై 9

మామయ్య గారికి నమస్కారాలు.

ఫోన్ చేస్తే మీకు సగం మాటలు వినపడవు. మిగతా సగానికి "ఆఁ ఆఁ, మంచిది" అంటారు. పోయిన నెల నాకు జ్వరమని చెబితే కూడా "చాలా మంచిది" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

నాకో పెద్ద చిక్కొచ్చి పడింది. మా బళ్ళో రసాయన శాస్త్రం చెప్పే టీచర్ కాన్పుకి సెలవు పెట్టింది. పెద్ద టీచర్ గారు స్టాఫ్ రూము అంతా ఓసారి చూసి, ఆ తొమ్మిదో తరగతి తీసుకొచ్చి, లెక్కలు చెప్పుకునే నా నెత్తిన పెట్టారు. "మీ మామగారు ముప్పై ఏళ్ళు ఇదే చెప్పారటగా, ఇంట్లోనే ఉంది కదమ్మా విద్య" అన్నారు. ఇంట్లో ఉంటే మాత్రం నాకెలా అంటుకుంటుంది? కన్నకొడుకు, మీ అబ్బాయికే అంటలేదు.

పాఠం ఆర్ద్ర, అనార్ద్ర సమ్మేళనాలు. మైలుతుత్తాన్ని వేడి చేస్తే నీలం పోయి తెల్లబడుతుందని పుస్తకంలో ఉంది. పిల్లల ముందు పరువు పోకుండా ముందు నేనొక్కదాన్నే చేసి చూద్దామని ల్యాబ్‌లోకి వెళ్ళాను. పరీక్షనాళికని నిటారుగా పట్టుకుని మంట మీద పెట్టాను. నీలం పోతుంటే సంబరపడ్డాను కూడా. అంతలో టప్పుమని నాళిక అడుగు ఊడిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి. ఆ రంగు ఎందుకు పోతుందో కూడా చెప్పండి, ఎవరైనా అడిగితే నోరెళ్ళబెట్టకుండా ఉంటాను.

ఇంకో మాట. ఆయన పోయినప్పుడు మీరు వచ్చి, వెళ్ళేటప్పుడు మీ గొడుగు ఇక్కడే వదిలేశారు. అప్పట్నుంచీ తలుపు వెనకాలే వేలాడుతోంది. మొన్న కుళాయి కారుతోందంటే చూడటానికి వచ్చిన ఇంటావిడ "మగవాళ్ళ గొడుగు, ఎవరిదమ్మా?" అంది. మా మామగారిదన్నాను. "ఇంకా మామగారేనా?" అంది. ఆవిడ చెడ్డదేం కాదు. నోరు జారింది, వెంటనే నాలిక్కరుచుకుంది. కానీ ఆ మాట నా చెవిలో జోరీగలా తిరుగుతోంది. అమ్మ కూడా ఫోన్‌లో రోజూ అదే పాట. ఇంటికొచ్చెయ్, ఆ వైపు వాళ్ళతో నీకింకేం మిగిలింది అంటుంది. ఆయన లేరు, పిల్లలా లేరు. నేనిప్పుడు మీకు ఏమవుతాను మామయ్యా? మీరు ఏది చెబితే ఇద్దరికీ అదే చెప్తాను.

మీ కోడలు
(అని రాసి, కాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను.)


జూలై 16

లెక్కల టీచరమ్మకి, కుండబద్దలు మాస్టారి ఆశీస్సులు.

జ్వరమంటే మంచిదన్నానా? ఏం మనిషినో. తగ్గకపోతే బడికెళ్ళి గాజు సామాను పగలగొట్టవు కాబట్టి, తగ్గిందనే అనుకుంటున్నాను.

ముందు నీ తప్పు. నాళికని నిటారుగా ఎవరు పట్టుకోమన్నారు? స్ఫటికంలోంచి బయటికొచ్చిన నీళ్ళు ఆవిరై పైకెళ్ళి, చల్లగా ఉన్న మూతి దగ్గర చుక్కలు కట్టాయి. ఆ చుక్కలు వెనక్కి జారి కాలుతున్న అడుగు మీద పడ్డాయి. పగలక ఏం చేస్తుంది? మూతిని కొంచెం కిందికి వంచి పట్టుకో. వెళ్ళే నీళ్ళు వెళ్ళిపోతాయి.

ఇక రంగు. నీలి స్ఫటికాన్ని పట్టుకుంటే చెయ్యి తడవదు. పొడిగా, గట్టిగా ఉంటుంది. కానీ దాని బరువులో మూడో వంతుకి పైగా నీళ్ళే. పైన అంటుకున్న నీళ్ళు కావవి, దాని కట్టడంలోనే కూర్చున్న నీళ్ళు. స్ఫటిక జలం అంటాం. ఆ నీళ్ళుంటేనే దానికి ఆ రూపం, ఆ రంగు. వేడి చేస్తే నీళ్ళు లేచిపోయి తెల్లటి పొడి మిగులుతుంది. నీళ్ళున్నది ఆర్ద్రం, నీళ్ళు పోయింది అనార్ద్రం. పొడి మీద చుక్క నీళ్ళు వేస్తే మళ్ళీ నీలం వస్తుంది. అయితే తొందరపడి మంట పెంచావో, నల్లగా మాడుతుంది. అప్పుడు చెరువు తెచ్చి పోసినా నీలం రాదు.

పిల్లలు ఒక పొరపాటు తప్పకుండా పడతారు. ఆర్ద్ర లవణం అంటే తడిసిన ఉప్పు అనుకుంటారు. నా దగ్గర ఏటా ఎవరో ఒకరు అనుకునేవారు. ముట్టుకుని చూడమను. చూశాక చేతులు కడిగించు, అది విషం.

గొడుగు అక్కడే ఉండనీ. పంపకు.

తక్కిన సంగతులు నాకు తెలియవు. మొహమాటం లేకుండా మాట్లాడతానని పిల్లలు నాకా పేరు పెట్టారు గానీ, ఆ ధాటీ అంతా నల్లబల్ల ముందే. మా వీధిలో మురుగు కాలవ తవ్వి వదిలేశారు. నా గదికి రావాలంటే చెక్క పలక మీద నడవాలి. కింద కొట్లో దర్జీ, నేను ఎప్పుడు పడతానా అని మిషను ఆపి మరీ చూస్తుంటాడు.

మామయ్య


జూలై 28

మామయ్య గారికి, మూతి వంచి పట్టుకున్న నాళికతో సహా నమస్కారం.

గట్టెక్కాను! ఈసారి ఏదీ పగల్లేదు. మీరన్నట్టే మూతి దగ్గర చుక్కలు కట్టి, ఒక్కొక్కటే బల్ల మీద రాలాయి. వెనక బెంచీ వాళ్ళు కూడా లేచి నిలబడి చూశారు.

తరగతిలో ఒకమ్మాయి ఉంది, ప్రశ్నల పుట్ట అని పిలుస్తాం. మీరు చెప్పిన పొరపాటు అదే పడింది. స్ఫటికాన్ని వేళ్ళతో తిప్పి తిప్పి చూసి, "టీచర్, ఇది పొడిగానే ఉందిగా, ఆర్ద్రమని ఎందుకన్నారు?" అంది. నీళ్ళు లోపలున్నాయన్నాను. "మరి పొడిగా కనపడేవాటిలో ఏది నిజంగా పొడో, దేన్లో నీళ్ళున్నాయో చూసి ఎలా చెప్తాం?" అంది. వేడి చేస్తే తెలుస్తుందన్నాను. అది తృప్తిపడ్డట్టు లేదు.

గొడుగు పంపొద్దన్నారు. వేరేది కొనుక్కున్నారు కాబోలు. నేనడిగిన రెండో సంగతికి మాత్రం మురుగు కాలవ గురించి రాశారు. ఆ పేజీ మీకు కనపడలేదని అనుకోమంటారా?

నేను బాగానే ఉన్నాను. అందరూ "ఎంత గట్టిదానివమ్మా" అంటారు. స్టాఫ్ రూములో నవ్వుతాను, క్యారియర్ విప్పి తింటాను, పరీక్ష పేపర్లు దిద్దుతాను. ఆయన చెప్పులు తలుపు దగ్గర ఉన్నాయి. తుడిచి మళ్ళీ అక్కడే పెడతాను. ఏడుపు మాత్రం రావడం లేదు మామయ్యా. ఏడుద్దామని తలుపేసుకుని కూర్చున్నా రావడం లేదు. చుట్టుపక్కల వాళ్ళు ఏమనుకుంటున్నారో గానీ, నాకే నా మీద భయంగా ఉంది. ఈ మాట మీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. అమ్మకి కూడా.

మీ కోడలు


ఆగస్టు 5

అమ్మాయికి,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. నువ్వు అనార్ద్రం అయిపోయావమ్మా. నేను ఆ రోజే గమనించాను. ఇంటి నిండా జనం ఏడుస్తుంటే, నువ్వు మంచం మీద కూర్చుని వాడి చొక్కాలు మడతపెడుతున్నావు. కంట్లో చుక్క లేదు. అనార్ద్రమైన దాన్ని గాలికి వదిలెయ్యకూడదు, జాగ్రత్త చెయ్యాలి. ఇంతకన్నా వివరంగా రాయడం నాకు చేతకాదు.

ఈ ఉత్తరంతో పాటు మీ బడి చిరునామాకి పార్సిల్‌లో ఒక సీసా పంపుతున్నాను. అనార్ద్ర మైలుతుత్తం. మంచి సరుకు, ఇంత తెల్లగా ఎవరూ చెయ్యలేరు. మూతకి మైనం పెట్టి ఉంది. తడి తగలనివ్వకు. ఇన్నాళ్ళూ నా దగ్గర ఉంది. ఇక నీ దగ్గర ఉండటమే న్యాయం.

నిన్న దర్జీయే కాలవలో పడ్డాడు. దెబ్బలేం తగల్లేదు. చేతిలో ఎవరిదో కొత్త ప్యాంటు ఉంది, అది మాత్రం ఇక పెళ్ళిళ్ళకి పనికిరాదు.

మామయ్య


ఆగస్టు 17

మామయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది. మీరు రాసిన మాటని నేనే తప్పుగా అర్థం చేసుకున్నానేమోనని, భాష చెప్పే టీచర్‌ని అడిగాను. ఆవిడ గొంతు సవరించుకుని "ఆర్ద్రత అంటే మనసు కరగడం అమ్మా. దయ, ప్రేమ. అవి లేకపోతే అనార్ద్రం" అంది. ఎవరి గురించి అనడిగింది. ఒక ఉప్పు గురించి అన్నాను.

ప్రేమ లేనిదాన్నన్నమాట. కొడుకు పోయిన ఇంట్లో కూర్చుని మీరు నా కళ్ళల్లో చుక్కలు వెతికారన్నమాట. నాకు ఏడుపు రావడం లేదని మీ ఒక్కరికే చెప్పుకున్నాను. మీరు దాన్నే తీసుకుని నా మొహాన కొట్టారు.

అయితే నాకూ గుర్తుంది. ఆసుపత్రి వరండాలో మీరు బస్సు దిగిన సంచితోనే వచ్చారు. లోపలికెళ్ళి ఆయన్ని చూసి బయటికొచ్చారు. తిన్నగా నా దగ్గరికొచ్చి మీరన్న మొదటి మాట, "భోంచేశావా?" కన్నకొడుకుని అలా చూసి వచ్చిన మనిషి అడిగే మాటేనా అది? అప్పుడు మీ కంట్లో మాత్రం ఏముంది? ఆ సంగతి నేనెవరితోనూ అనలేదు. మిమ్మల్ని ఏ ఉప్పుతోనూ పోల్చలేదు.

సీసా పనికొచ్చింది. మొన్న రెండో సెక్షన్‌కి ఈ పాఠం చెప్పాలి. తీరా చూస్తే ల్యాబ్‌లో గ్యాసు అయిపోయింది. పిల్లలు మొహాలు వేలాడేశారు. అంతలో మీ పార్సిల్ వచ్చింది. తడి తగలనివ్వొద్దన్నారు కాబట్టి గంట కొట్టేదాకా విప్పలేదు. తరవాత చాకుతో మైనం గీకి, మొత్తం బీకర్లో పోసి, నీళ్ళు పోయించాను. ప్రశ్నల పుట్ట పక్క సెక్షన్ నుంచి పరిగెత్తుకొచ్చింది. తెల్లటిదల్లా చూస్తుండగానే నీలమైంది. బీకరు వేడెక్కి నా చెయ్యి చురుక్కుమంది. అలా వేడెక్కుతుందని మీరు రాయలేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. శ్రమ తీసుకుని పంపినందుకు కృతజ్ఞతలు. ఖాళీ సీసా కడిగి తిరిగి పంపమంటారా?

వచ్చే నెల నన్ను తీసుకెళ్ళడానికి అమ్మ వస్తోంది. ఇన్నాళ్ళూ ఏదో ఒక వంక చెప్పి ఆపాను. ఈసారి ఆపడానికి నా దగ్గర కారణం లేదు.

ఇట్లు,
లెక్కల టీచర్


ఆగస్టు 22

మొత్తం పోశావా? చిటికెడు కూడా ఉంచలేదా?

తడి తగలనివ్వకు అని రాశాను. రాసింది చదవడం రాదా నీకు? ఎవరు చెయ్యమన్నారు నిన్ను?

అది వాడు చేసింది. వాడు తొమ్మిదిలో ఉన్నప్పుడు నా తరగతిలోనే చదివాడు. వాడి సంగతి నీకు తెలియంది కాదు, తొందరబాబు. ముద్ద గొంతులో ఉండగానే చెప్పులేసుకునేవాడు. మొదటిసారి మంట పెంచేసి పొడినంతా నల్లగా మాడ్చాడు. అందరి ముందూ సున్నా వేశాను. సాయంత్రం బడి వదిలాక ల్యాబ్‌లోకి వచ్చి, మళ్ళీ చేస్తాను నాన్నా అన్నాడు. బళ్ళో నన్ను నాన్నా అని పిలవకూడదని నియమం పెట్టాను, ఆ రోజు మర్చిపోయాడు. సన్నటి మంట మీద, మూతి వంచి పట్టుకుని, ఒక చెయ్యి నొప్పెడితే ఇంకో చేతికి మార్చుకుంటూ చేశాడు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. అంత తెల్లగా నా సర్వీసులో ఎవ్వరూ తియ్యలేదు. వాడు జన్మలో నిదానంగా చేసిన పని అదొక్కటే.

నేనే దాన్ని సీసాలో పోసి మైనం పెట్టాను. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇల్లు మారాను, తరవాత మళ్ళీ మారాను. ప్రతిసారీ సామానంతా బండిలో, ఆ సీసా మాత్రం నా జేబులో.

చప్పట్లు కొట్టారా పిల్లలు. బాగుంది.

సీసా కడిగేశావా?


ఆగస్టు 27

మామయ్యా,

కడగలేదు. ముందుగా ఆ మాట రాస్తున్నాను. కడగలేదు.

మీ ఉత్తరం గేటు దగ్గరే నిలబడి చదివాను. బడికి సెలవు. అయినా పరిగెత్తాను. వాచ్‌మన్‌ని బతిమాలి ల్యాబ్ తాళం తీయించాను. దారి పొడుగునా ఒకటే భయం, ఊడ్చేవాళ్ళు పారబోసి ఉంటారని.

పారబొయ్యలేదు. కిటికీలో ఉంది. నీళ్ళు ఆరితే స్ఫటికాలు కడతాయేమో చూద్దామని ప్రశ్నల పుట్ట బీకరు మీద కాగితం కప్పి, దానికి పిన్నుతో కన్నాలు పొడిచి, "ముట్టుకుంటే ఊరుకోను" అని రాసి పెట్టింది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. బీకరు దించి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి మార్చుకోవడం నాకు కనపడింది మామయ్యా. కూరగాయల సంచీ మోసేటప్పుడు కూడా అలాగే మార్చుకునేవారు. ఇన్ని నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. వాచ్‌మన్ హడలిపోయి, తాగమని నీళ్ళ చెంబు ఇచ్చి, తనూ అక్కడే గుమ్మంలో కూర్చున్నాడు. ఆపమని అనలేదు.

చొక్కాల సంగతి చెప్తాను. ఆసుపత్రికి వెళ్ళేముందు ఆయన బట్టలు ఉతికి ఆరేశాను. తిరిగొచ్చేసరికి అన్నీ ఆరాయి, ఒక్క నీలం చారల చొక్కా కాలరు మాత్రం తడిగానే ఉంది. తడి ఉండగా మడతపెడితే వాసనొస్తుందని ఆయన నన్ను సాధించేవారు. అందుకని మిగతావన్నీ మడతపెడుతూ, అది ఆరేదాకా కూర్చున్నాను. అది ఆరిపోతే ఇక ఆయన పని నాకేమీ ఉండదని తెలుసు. దాన్ని మాటిమాటికీ తడిమి చూసుకుంటూ, ఇంకా ఆరలేదు, ఇంకా ఆరలేదు అనుకుంటూ ఉన్నాను. మీరు చూసింది అదీ.

ఒక్క ముక్క ఎందుకు రాయలేదు? "ఇది వాడు చేసింది" అని. అంతే కదా. నేను చాకు పట్టుకునేదాన్నా?

కోడలు


సెప్టెంబరు 4

అమ్మా,

నిన్ను ఎవరు చెయ్యమన్నారు అని రాశాను. ఆ ఉత్తరం డబ్బాలో వేసి వస్తుంటే దర్జీ నా మొహం చూసి, పలక మీద చెయ్యి పట్టుకుని దాటించాడు. కోపమొస్తే నాకు కళ్ళు కనపడవు. నీకు తెలియక చేశావు. తెలియజెయ్యాల్సినవాణ్ణి నేను.

భాష చెప్పే టీచర్‌కి ఆ మాటకి ఒక అర్థం, నాకు ఇంకొకటి. నేను రాసిన దాన్లో తిట్టు లేదు. నీళ్ళు పోయిన పొడి ఊరికే ఉండదమ్మా. గాలిలో రవ్వంత తేమ ఉన్నా లాక్కుంటుంది. అంత దాహంగా ఉంటుంది. నీ ఉత్తరం చదివితే నాకు అలా అనిపించింది. ఈ పిల్ల దగ్గర ఎవరైనా కూర్చుంటే బాగుండు అనిపించింది. అది అలాగే రాస్తే సరిపోయేది. నాకు రాక, ల్యాబ్‌లో మాట ఒకటి రాసి ఊరుకున్నాను.

భోంచేశావా అన్న మాట. వాళ్ళమ్మ పోయిన రోజు వాణ్ణీ అదే అడిగాను. అలాంటప్పుడు నా నోటికి వచ్చే మాట అదొక్కటే. వాడికి అర్థమయ్యేది. "తిన్నాను నాన్నా, మీరు?" అనేవాడు. అంతటితో మా ఇద్దరికీ సరిపోయేది. ఆసుపత్రిలో నువ్వు తలూపావు. "మీరు?" అని నువ్వు అడగలేదు. ఆ మాట అడిగేవాడు లోపల పడుకున్నాడు. నేను కుళాయి దగ్గరికెళ్ళి, పంపు పెద్దగా తిప్పి, మొహం కడుక్కున్నాను. చాలాసేపు కడుక్కున్నాను.

గొడుగు నేను మర్చిపోలేదు. నా జన్మలో గొడుగు మర్చిపోయింది లేదు. తలుపు వెనక నేనే తగిలించాను, మళ్ళీ రావడానికి ఒక వంక ఉంటుందని. వంక ఉండి కూడా రాలేకపోయాను. గుమ్మంలో వాడి చెప్పులుంటాయి కదా.

బీకరు వేడెక్కిందన్నావు. అది నేను చెప్పాల్సింది. మంట పెట్టి వెళ్ళగొట్టిన నీళ్ళు మళ్ళీ వచ్చి చేరేటప్పుడు వేడి పుడుతుంది. చెయ్యి కాలిందా?

మీ అమ్మగారు వస్తే వెళ్ళు. నీది చిన్న వయసు. నేను అడ్డం రాను.

మామయ్య


సెప్టెంబరు 24

మామయ్య గారికి,

చెయ్యి కాల్లేదు. కొంచెం ఎర్రబడింది, ఆ పూటకే తగ్గిపోయింది.

అమ్మ వచ్చింది, వెళ్ళింది. నేను వెళ్ళలేదు. అమ్మకి కోపమొచ్చింది, తరవాత ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఇప్పుడు నాకు చిన్నదానికీ పెద్దదానికీ ఏడుపొస్తోంది. మొన్న బోర్డు మీద లెక్క చేస్తూ, సున్నా వెయ్యగానే కళ్ళనీళ్ళొచ్చాయి. సుద్దపొడి పడిందని చెప్పాను. పిల్లలు నమ్మినట్టు నటించారు. మీరు అడ్డం రానని రాశారు, చూశాను. అడ్డం రావాల్సిన చోట కూడా రారు మీరు.

బీకర్లో నీళ్ళు ఆరిపోయాయి. అడుగున స్ఫటికాలు కట్టాయి. చిన్నవి చాలా, పెద్దవి కొన్ని. ఒకటైతే నా బొటనవేలి గోరంత ఉంది. అంచులు ఎవరో కోసినట్టు తిన్నగా ఉన్నాయి. ప్రశ్నల పుట్టకి అంతా చెప్పాను, చెప్పక తప్పలేదు. అది ఒక స్ఫటికాన్ని తీసి వెలుతురుకి పట్టి చూసింది. తరవాత "అయితే మళ్ళీ వేడి చేసి తెల్లగా చేద్దాం టీచర్, ఆ తాతగారికి ఎలా ఉన్నది అలా పంపిద్దాం" అంది.

నాకూ అదే మంచిదనిపించింది. గ్యాసు వచ్చింది. మంట సన్నగా పెట్టాను. స్ఫటికాలు నాళికలో వేసి, మూతి వంచి పట్టుకున్నాను. పట్టుకుని నిలబడ్డాను గానీ మంట దగ్గరికి చెయ్యి వెళ్ళలేదు. తెల్లగా చేసి పంపితే మీరేం చేస్తారో నాకు తెలుసు. మళ్ళీ మైనం పెట్టి జేబులో వేసుకుంటారు. తడి తగలకుండా ఇంకో ఇరవై ఏళ్ళు మోస్తారు. నేను మంట ఆర్పేశాను.

అందుకని ఇలాగే పంపుతున్నాను, సగం మీకు, సగం నాకు. అదే సీసా. మెడలో అంటుకున్న పొడి కూడా నీలమైంది, చూడండి. మూతకి మైనం పెట్టలేదు. ఇది ఆయన చేసిన పొడి కాదని మీరనొచ్చు. కానీ ఉప్పు అదే మామయ్యా, మీ అబ్బాయి చేతి మీదుగా వచ్చిందే. నీళ్ళు మాత్రం మా బడి కుళాయివి.

ఇంటావిడ మళ్ళీ అడిగింది గొడుగు గురించి. ఏం చెప్పాలో తెలియక, అన్నం మాడుతోందని లోపలికి వచ్చేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మీరు భోంచేశారా?

కోడలు


అక్టోబరు 2

అమ్మాయికి,

తినలేదు. ఇప్పుడు తింటాను.

సీసా పొద్దున్నే వచ్చింది. దర్జీ తీసుకుని పైకి వచ్చాడు. నేను మూత తీసి, పెద్ద స్ఫటికాన్ని అరచేతిలో వేసుకున్నాను. చెయ్యి తడవలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి ఇదే చెప్పాను, పట్టుకుంటే చెయ్యి తడవదు, లోపల అన్నీ నీళ్ళే అని. నిన్ను చూసి మాత్రం ఆ పాఠం నాకు గుర్తు రాలేదు. అనార్ద్రం అన్నాను. తప్పు మాట. కొట్టెయ్యి.

వాడు పోయాడమ్మా. ఇన్ని ఉత్తరాలు రాశాను, ఈ మాట ఒక్కదాన్లోనూ రాయలేదు, కావాలంటే తీసి చూసుకో. నా కొడుకు పోయాడు. దర్జీ ఎదురుగానే ఏడ్చాను. కుళాయి తిప్పలేదు. పాపం అతను టేపు మెడలో వేసుకుని అలాగే నిలబడ్డాడు. కొంతసేపయ్యాక "భోంచేశారా మాస్టారూ?" అన్నాడు.

సీసా కిటికీలో పెట్టాను. మూత బిగించలేదు.

ఇక్కడ వాన పట్టుకుంది. గొడుగు లేక రెండుసార్లు తడిశాను. ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను, గొడుగు కోసం. వాడి చెప్పులు గుమ్మంలోంచి తీసెయ్యకు. నేను చూస్తాను. పక్కన నావి విడుస్తాను.

ఇంటావిడ మళ్ళీ అడిగితే, నేను ఈ ఉత్తరం చూపించమన్నానని చెప్పి, కింది సంతకం చూపించు.

ఇంకా,
నీ మామయ్యే